జోన్స్ వ్యాధి: ఉపజాతి తేల్చే పరీక్ష రైతుకు అవసరమా?

తెనాలి వెటర్నరీ: మేత తింటూనే చిక్కిపోతూ, నెలల తరబడి పల్చగా పారుతున్న గేదెకి జోనిన్ సూది (జోన్స్ ఉందేమోనని చర్మంలో వేసి వాపు చూసే పరీక్ష) ఒక్కటే వేసి ఊరుకోవద్దు. మైకోబ్యాక్టీరియం ఏవియం అనే బ్యాక్టీరియాలో పక్షులకొచ్చే ఉపజాతి వేరు, పశువుల పేగులకొచ్చే అంటురోగం జోన్స్‌ని తెచ్చే పారాట్యూబర్క్యులోసిస్ ఉపజాతి వేరు. ఏది సోకినా జోనిన్‌కి వాపు రావచ్చు. పేడలో జోన్స్ బ్యాక్టీరియా డీఎన్ఏ ముక్క ఐఎస్900ని వెతికే పీసీఆర్ పరీక్ష చేస్తే తేలిపోతుంది.

చీరాల పాడిరైతు: మా ఊళ్ళో డాక్టరు నట్టల మందే రాస్తూ పోయాడు. జబ్బు పేరు తెలిసేసరికి గేదె పోయింది. ఇప్పుడు ఉపజాతి పేరు దేనికండీ?

మైక్రో స్టూడెంట్: "తేలిపోతుంది" అనకండి డాక్టర్ గారూ. ఐఎస్900ని పోలిన వరసలు వేరే మైకోబ్యాక్టీరియాల్లోనూ దొరికాయి. జోన్స్ బ్యాక్టీరియాలోనే ఉండే ఇంకో ముక్క ఎఫ్57 కూడా చూడాలి.

తెనాలి వెటర్నరీ: ఎఫ్57 జీనోమ్‌లో ఒకే కాపీ. ఐఎస్900 అయితే 14 నుంచి 20 దాకా ఉంటాయి. పేడలో బ్యాక్టీరియా తక్కువుంటే ఎఫ్57 అందదు.

శీను: కల్చర్ పెడితే, అంటే ల్యాబులో బ్యాక్టీరియాని పెంచి చూస్తే సరిపోదా?

తెనాలి వెటర్నరీ: రెండు మూడు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఈలోగా పాకంతా అంటుకుంటుంది.

మైక్రో స్టూడెంట్: అందుకే రెండు పీసీఆర్‌లూ చేయాలంటున్నా. ఆపైన ఐఎస్1311 అనే డీఎన్ఏ ముక్కలో 223వ స్థానం చూస్తే ఆ బ్యాక్టీరియా పశువుల రకమా, గొర్రెల రకమా, బైసన్ రకమా తెలుస్తుంది. మథుర దగ్గర మఖ్దూమ్‌లోని మేకల పరిశోధన సంస్థ వాళ్ళకి మన దేశంలో ఎక్కువగా దొరికింది బైసన్ రకమే. వాళ్ళ టీకా కూడా దాంతోనే చేశారు.

చీరాల పాడిరైతు: మీరిద్దరూ నంబర్ల మీద కొట్టుకోండి! నా పాకలో రెండో గేదె పారుతోంది, అదీ చూడిది. బైసన్ అని రిపోర్టొస్తే నాకెవరు డబ్బిస్తారు? పాజిటివ్ అని ఊళ్ళో తెలిస్తే కేంద్రంలో నా పాలు పోయించుకుంటారా? అందుకే చెప్తున్నా, నేను పరీక్ష చేయించను. సంతకి తోలేస్తా.

మైక్రో స్టూడెంట్: అంటే ఇంకో రైతు పాకకి తోలతారన్నమాట. సిగ్గుచేటు.

తెనాలి వెటర్నరీ: తమ్ముడూ, మాట జాగ్రత్త. పరిహారం లేకుండా పరీక్ష చేయించుకోమంటే ఏ రైతైనా ఇలాగే అంటాడు, అది నేనూ ఒప్పుకుంటా. కానీ అమ్మొద్దు అన్నా. ఈనగానే దూడని వేరు చేయండి. తల్లి పేడ అంటిన పొదుగు చీకడం వల్లే ఎక్కువగా సోకుతుంది. నెగెటివ్ వచ్చిన గేదె జున్నుపాలు పట్టండి.

చీరాల పాడిరైతు: దూడ లేకపోతే మా గేదె పాలు చేపదండీ. దాన్ని చేపించే దారి చెప్పండి, రేపే పేడ పంపిస్తా.