అప్‌డేట్: ఇంగ్లండ్‌లో సొలిసిటర్ (అక్కడి లాయర్) అవ్వాలంటే మళ్ళీ లా చదవాలా?

తెలంగాణ బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అయి, ఏఐబీఈ (ఆలిండియా బార్ పరీక్ష) కూడా పాసై ప్రాక్టీస్ చేస్తున్నదాన్ని, లండన్ వెళ్తే మళ్ళీ ఎల్‌ఎల్‌బీ చేయాలా అని అడిగాను కదా. అక్కర్లేదండీ. ఎస్‌క్యూఈ (అక్కడి సొలిసిటర్ అర్హత పరీక్ష, రెండు భాగాలు) పాసవ్వాలి. ఇక్కడ ఇప్పటికే అడ్వకేట్లం కాబట్టి వాళ్ళ రెండేళ్ల పని అనుభవం నిబంధన కూడా మనకు వర్తించదు (ఎల్‌ఎల్‌ఎం తప్పనిసరి అని ఫీజు అడిగిన కన్సల్టెన్సీకి ఓ దండం).

మొదటి భాగం ఎస్‌క్యూఈ1లో 360 ఆబ్జెక్టివ్ ప్రశ్నలు. కాంట్రాక్ట్, టార్ట్ (ఒకరి తప్పు వల్ల ఇంకొకరికి కలిగే నష్టానికి పరిహారం గురించిన చట్టం) మనకు అలవాటే, అసలు టెన్షన్ సొలిసిటర్ అకౌంట్స్‌తోనే: క్లయింట్ డబ్బు వేరు, ఆఫీసు డబ్బు వేరు, ఏ ఎంట్రీ ఏ లెడ్జర్‌లోకి వెళ్తుందో ఇంకా చెయ్యి తిరగలేదు. రెండో భాగం ఎస్‌క్యూఈ2లోని ఓరల్స్‌కి (మౌఖిక పరీక్షలకి) మాత్రం అక్కడికి వెళ్లాల్సిందే, ఆ వీసా సంగతి తర్వాత. ప్రస్తుతానికి జనవరి ఎస్‌క్యూఈ1 పరీక్షకి రిజిస్టర్ అయ్యాను.