ఫుట్‌బాల్ ఫోటోలకు టెలికన్వర్టర్ సరిపోతుందా, పెద్ద లెన్సే కొనాలా?

టచ్‌లైన్ పక్కన (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నగరంలో జరిగే పాఠశాలల, క్లబ్బుల ఫుట్‌బాల్ మ్యాచ్‌లకు, అప్పుడప్పుడు గచ్చిబౌలి స్టేడియంలో అథ్లెటిక్స్ పోటీలకు ఫోటోలు తీస్తుంటాను. నా దగ్గర నికాన్ జెడ్6 II కెమెరా, జెడ్ మౌంట్ 70-200 మి.మీ. ఎఫ్/2.8 లెన్సు ఉన్నాయి. ఆట నా వైపు సాగినంతసేపు ఏ ఇబ్బందీ లేదు కానీ, బంతి అవతలి సగంలోకి వెళ్లగానే ఆటగాళ్లు ఫ్రేములో మరీ చిన్నగా కనిపిస్తున్నారు. గచ్చిబౌలిలోనైతే మధ్యలో రన్నింగ్ ట్రాక్ ఉండడంతో ఆ దూరం ఇంకా పెరుగుతోంది.

టెలికన్వర్టర్ (కెమెరాకూ లెన్సుకూ మధ్య తగిలించి, దూరపు దృశ్యాన్ని ఇంకా పెద్దగా చూపే చిన్న పరికరం) తీసుకుంటే తక్కువ ఖర్చులో పని జరిగిపోతుందని కొందరు, కాస్త ఆగి డబ్బు కూడబెట్టి 180-600 ఎఫ్/5.6-6.3 కొనడమే మేలని మరికొందరు చెబుతున్నారు. మ్యాచ్‌లు ఎక్కువగా సాయంత్రం నాలుగు తర్వాత మొదలై ఫ్లడ్‌లైట్లు వేసేదాకా సాగుతాయి. ఫోటోలు స్థానిక పత్రికలకూ, తల్లిదండ్రులు అడిగే ప్రింట్లకూ వెళతాయి. అనుభవం ఉన్నవారు సలహా ఇవ్వగలరు.

గోల్‌పోస్ట్ వెనుక:

మీ ప్రశ్నలో అన్నిటికన్నా ముఖ్యమైనది "సాయంత్రం నాలుగు తర్వాత" అన్న మాట. ఎఫ్ పక్కన సంఖ్య పెరిగేకొద్దీ లోపలికి వచ్చే వెలుతురు తగ్గుతుంది. 1.4ఎక్స్ కన్వర్టర్ ఒక స్టాపు (అంటే వెలుతురు సగమవుతుంది), 2ఎక్స్ రెండు స్టాపుల వెలుతురు తినేస్తాయి కనుక మీ లెన్సు మొదటిదానితో 98-280 ఎఫ్/4గా, రెండోదానితో 140-400 ఎఫ్/5.6గా మారుతుంది. డిసెంబరులో మనకు ఆరు కాకముందే పొద్దు గూకుతుంది. ఆ వేళకు సెకనులో 1/1000 వంతు షట్టర్ వేగంతో, ఎఫ్/2.8 దగ్గర ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయి, పెంచితే ఫోటో గరుకుగా వస్తుంది) 3200 అవసరమైందనుకోండి; ఎఫ్/4కు అది 6400, ఎఫ్/5.6కు 12800 అవుతుంది. 180-600ను చివరిదాకా లాగితే ఎఫ్/6.3 కాబట్టి 16000 దాకా వెళ్లాలి. 400 దగ్గర కూడా ఆ జూమ్ ఎపర్చర్ 5.6కూ 6.3కూ నడుమే ఉంటుంది, అంటే 2ఎక్స్ తగిలించిన మీ లెన్సుకన్నా అదనంగా ఇచ్చే వెలుతురేమీ లేదు. పెద్ద లెన్సు అనగానే ఎక్కువ వెలుతురు వస్తుందనే భ్రమ మనలో చాలామందికి ఉంది. ఆ సుఖం కావాలంటే 400 ఎఫ్/2.8 లాంటివి కొనాలి, వాటి ధర వింటే కెమెరా పక్కన పెట్టి కారు చూసుకుందామనిపిస్తుంది.

ఇక దూరం సంగతి. నిలువు ఫ్రేములో తలపైనా కాళ్లకిందా కొంత చోటు వదిలి సుమారు 2.7 మీటర్ల ఎత్తు పట్టాలంటే, మీలాంటి ఫుల్‌ఫ్రేమ్ (పాత ఫిల్మంత పెద్ద సెన్సర్ ఉన్న) కెమెరాలో 200 మి.మీ. లెన్సుకు ఆటగాడు 15 మీటర్ల దూరంలో ఉండాలి. 280కు 21, 400కు 30, 600కు 45 మీటర్లు. అంతర్జాతీయ కొలతల మైదానం 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు ఉంటుంది కాబట్టి, మీరు టచ్‌లైన్ (మైదానం పొడవు వైపు గీత) మధ్యలో కూర్చుంటే అవతలి అంచున ఆడే వింగర్ 600తో కూడా ఫ్రేము నిండడు. అందుచేత ఏదైనా కొనేముందు చోటు మార్చి చూడండి. గోల్‌లైన్ వెనుక, కార్నర్ జెండాకూ పెనాల్టీ బాక్సుకూ మధ్య కూర్చుంటే దాడికి వచ్చే జట్టు మీకెదురుగా వస్తుంది, ముఖాలు దొరుకుతాయి, 200 నుంచి 280 లోపే చాలా ఆట పట్టుబడుతుంది. అవతలి గోల్ దగ్గర జరిగేది వదులుకోవాల్సిందే.

టచ్‌లైన్ పక్కన:

చాలా ధన్యవాదాలండీ. 280 చాలునంటే, కన్వర్టర్ కూడా లేకుండా 200తో తీసి తర్వాత క్రాప్ చేసుకోవచ్చు కదా? అలాగే కన్వర్టర్‌తో ఆటోఫోకస్ నెమ్మదిస్తుందని విన్నాను.

పాత నికాన్ అభిమాని:

క్రాప్ గురించి మీరు అడిగింది సరైన ప్రశ్న. 200తో తీసిన 24 మెగాపిక్సెళ్ల ఫోటోను 280కి సమానంగా కత్తిరిస్తే దాదాపు 12 మెగాపిక్సెళ్లు మిగులుతాయి, పత్రికకూ 8×12 అంగుళాల ప్రింటుకూ అవి చాలు. నాయిస్ (ఫోటోలో కనిపించే గరుకుదనం) లెక్కలో కూడా పెద్ద తేడా ఉండదు, ఎందుకంటే కన్వర్టర్ కొత్తగా వెలుతురును తీసుకురాదు, లెన్సులోకి వచ్చినదాన్నే సెన్సర్ మీద మరింత వెడల్పుగా పరుస్తుంది. కన్వర్టర్ వల్ల దక్కే అసలు లాభం ఆ ఆటగాడి మీద ఎక్కువ పిక్సెళ్లు పడడం, వ్యూఫైండర్‌లో అతను పెద్దగా కనిపించడం, ఫోకస్ పాయింటు వీపు మీదికి జారకుండా ముఖం మీద నిలవడం. క్రీడల్లో ఆ చివరిది చిన్న విషయం కాదు.

లోపల అద్దం ఉండే డీఎస్ఎల్ఆర్ కెమెరాల్లో కన్వర్టర్ పెట్టాక ఎపర్చర్ ఎఫ్/8కు చేరితే కొన్ని ఫోకస్ పాయింట్లే పనిచేసేవి. మీ జెడ్6 II లాంటి మిర్రర్‌లెస్ (అద్దం లేని) కెమెరాల్లో ఆ చిక్కు చాలావరకు పోయింది, అయినా వెలుతురు తగ్గేకొద్దీ ఫోకస్ తడబడడం మాత్రం ఉంటుంది. మీ లెన్సుకు 1.4ఎక్స్ చక్కగా కుదురుతుంది. 2ఎక్స్‌తో పదును కోసం ఎఫ్/8 దాకా దించాల్సి వస్తుంది కనుక, పగటి పోటీలకైతే పరవాలేదు గానీ మీ మ్యాచ్‌లకు నేను చెప్పను.

బాల్కనీ స్టాండ్:

పై ఇద్దరి మాటతో ఫుట్‌బాల్ వరకు ఏకీభవిస్తాను, అథ్లెటిక్స్‌కు కాదు. ఉదయం పూట, స్టాండ్ నుంచి లాంగ్‌జంప్ గుంతను పట్టాలన్నా, వంద మీటర్ల పరుగులో ఒక్క లేన్‌నే విడదీయాలన్నా 180-600 ఇచ్చే సౌకర్యం కన్వర్టర్ ఇవ్వదు. ఎండ బాగా ఉన్నప్పుడు ఎఫ్/6.3 అడ్డంకి కాదు. అయితే ట్రైపాడ్ కాలర్‌తో కలిపి అది 2 కిలోలు దాటుతుంది, మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) లేకుండా గంటల తరబడి పట్టుకోవడం కష్టం. ఏప్రిల్, మే నెలల్లో పది దాటాక ట్రాక్ మీద వేడిగాలి అలలుగా లేచి, దూరం నుంచి తీసిన ముఖాలన్నీ నీళ్లలో ఉన్నట్టు వస్తాయి. ఖరీదైన లెన్సైనా దానికి మందు లేదు, దగ్గరికి వెళ్లి తీయడం ఒక్కటే దారి.

కాబట్టి ఇప్పుడు 1.4ఎక్స్ కొనండి, మీట్ ఉన్న రోజులకు పెద్ద జూమ్ అద్దెకు తెచ్చుకోండి. కన్వర్టర్‌ను ఇంటి దగ్గరే తగిలించి బయలుదేరండి. మట్టి మైదానం పక్కన దాన్ని మార్చబోతే సెన్సర్ మీద దుమ్ము పడుతుంది. పాతది కొంటున్నట్టయితే రెండు వైపులా లోహపు కాంటాక్టులను, గాజు మీద బూజును టార్చ్ వేసి చూడండి. కోఠిలో దుకాణానికి వెళ్లేటప్పుడు మీ లెన్సు వెంట తీసుకెళ్లి, మధ్యాహ్నం కాకుండా పొద్దు వాలాక వెళ్లండి. ఎదురుగా వచ్చే స్కూటర్ల మీద కదిలేదాన్ని వెంబడించే కంటిన్యువస్ ఫోకస్‌తో వరుసగా తీసి, నంబర్ ప్లేట్లు ఎన్ని స్పష్టంగా వచ్చాయో అక్కడే పెద్దవి చేసి చూసుకోండి.