సమస్యాపూరణం: కొమ్ములు మొలిచిన హయమ్ము కొలువున నిలిచెన్

సంచాలకుడు:
ఈ వారం సమస్య కందపద్యం నాలుగో పాదం. పై మూడు పాదాలు మీరు రాయాలి.

కొమ్ములు మొలిచిన హయమ్ము కొలువున నిలిచెన్

షరతు ఒక్కటే, కథ చైనా దాటి రాకూడదు. మనలో చాలామంది ఈమధ్య చైనా రాజాస్థానాల సినిమాలకు అతుక్కుపోయారు కదా, ఆ రాత్రుళ్లు వృథా పోకూడదని ఈ ఏర్పాటు.

నేపథ్యం తెలియనివాళ్ల కోసం: క్రీ.పూ. 207, చిన్ వంశం, రాజధాని షియాన్‌యాంగ్. ప్రధానమంత్రి జావో గావో ఒక లేడిని సభలోకి తెప్పించి, రెండో చక్రవర్తి హూహాయ్‌తో "ఇదిగో గుర్రం, తమకు కానుక" అన్నాడు. రాజు నవ్వేశాడు. "మంత్రిగారు పొరబడ్డట్టున్నారు, లేడిని గుర్రమంటున్నారు" అని పక్కనున్నవాళ్లని అడిగాడు. కొందరు నోరు మెదపలేదు. కొందరు గుర్రమే అన్నారు. కొందరు లేడి అన్నారు. లేడి అన్నవాళ్లని మంత్రి తర్వాత చాటుగా కేసుల్లో ఇరికించాడు. సుమారు వందేళ్ల తర్వాత సిమా చియాన్ రాసిన చరిత్రలోది ఈ ఘట్టం.

అసంబద్ధమైన మాటని నమ్మించడమే కదా సమస్యాపూరణం. జావో గావో చేసిందీ అదే, కాకపోతే ఆయన ఛందస్సుకి బదులు భయాన్ని వాడాడు. మీ పద్యంలో ఆ అబద్ధాన్ని ఎక్కడ పెట్టారో చూస్తాను: మంత్రి నోట్లోనా, సభికుల మౌనంలోనా, రాజు కళ్లలోనా?

ఇంకో మాట. మూడో పాదం ద్రుతంతో, అంటే నకారంతో, ముగిస్తే "కొమ్ములు" కాస్తా "గొమ్ములు" అయిపోతుంది. ముందే చెప్పాను, తర్వాత నన్ను అనకండి.

పల్నాటి బాటసారి:

ఇమ్మృగ మశ్వమ్మే యని
యమ్మంత్రి వచింప సభికు లౌనని రంతన్
సొమ్మసిలె నిజము చూడగ
కొమ్ములు మొలిచిన హయమ్ము కొలువున నిలిచెన్

సంచాలకుడు:
బాటసారి గారూ, "సొమ్మసిలె నిజము" చాలా బాగుంది. నిజం చచ్చిపోలేదు, స్పృహ తప్పింది, అంతే. కానీ నేను వద్దన్న చోటే కాలు పెట్టారు. "చూడగ" అంటే "చూడగన్", ద్రుతాంతం. "చూడుడు" అంటే సరిపోతుంది: సొమ్మసిలె నిజము చూడుడు. అప్పుడు చదివేవాళ్లని కూడా సభలోకి పిలిచినట్టవుతుంది.

అరసున్న:
"ఇమ్మృగ"లో ప్రాసాక్షరం (పాదంలో రెండో అక్షరం) కింద ఋత్వం ఉంది, పరవాలేదా అని ఎవరో ఒకరు అడుగుతారు. ఋ అచ్చే, కాబట్టి పరవాలేదు. నా అభ్యంతరం వేరు. "సభికు లౌనని రంతన్" అంటే అందరూ ఔనన్నట్టుంది. సభ మూడు ముక్కలైంది కదా, ఘట్టంలో అసలు రుచి అదే.

ఫస్ట్‌షో బుల్లోడు:
నాకు చరిత్ర రాదు మాస్టారూ, సినిమా వచ్చు. అందుకే ఇలా.

సొమ్ములు లేవని లేడికి
జిమ్మిక్కుల దర్శకుండు చెక్కల నతికెన్
నమ్ముడు షూటింగిది సుమ
కొమ్ములు మొలిచిన హయమ్ము కొలువున నిలిచెన్

నీలాంబరి:
హహ్హహ్హ! బడ్జెట్ లేని జావో గావో!

అరసున్న:
జి-చె యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో వచ్చే జోడీ) సరిపోయింది. అయితే ఇది తప్పించుకునే పూరణ. ఏ సమస్యకైనా "ఇది కల", "ఇది నాటకం", "ఇది షూటింగ్" అనేస్తే ఇంక పని ఏముంది?

సంచాలకుడు:
అరసున్న గారితో సగం ఏకీభవిస్తాను. మిగతా సగం బుల్లోడి వైపు, ఎందుకంటే అసలు కథలో పద్ధతిని ఈయన బోర్లించాడు. అక్కడ లేడిని గుర్రమనిపించారు, ఇక్కడ గుర్రాన్ని లేడి అనిపిస్తున్నారు. ఎలాగూ సెట్ వేశారు కాబట్టి ఒక సలహా. సభ నిండా బంగారు రంగు పట్టుబట్టలు వేయించకండి. చిన్ పాలకులు తమది జలతత్వమని నమ్మి నలుపుని రాజవర్ణం చేసుకున్నారు. నల్లటి సభ, మధ్యలో గోధుమరంగు లేడి. కెమెరా లేడి మీద ఎంతసేపు పెట్టినా లాభం లేదు, మంత్రుల మొహాల మీద పెట్టాలి. ఒక్కొక్కరూ పక్కవాడు ఏమంటాడోనని ఓరగా చూసే ఆ కాసేపట్లోనే టెన్షన్ అంతా ఉంది.

గోదారి గాలి:
నేను మూడేళ్లు వెనక్కి వెళ్తున్నాను, క్రీ.పూ. 210కి.

ఉమ్మడి కుట్రను శవమది
గమ్మున బండిని దిరుగుచు గద్దెనె యేలెన్
నమ్మిన జనులకు వింతయె?
కొమ్ములు మొలిచిన హయమ్ము కొలువున నిలిచెన్

సంచాలకుడు:
మొదటి చక్రవర్తి షి హువాంగ్దీ పర్యటనలో ఉండగా షాచియులో పోయాడు. జావో గావో, మంత్రి లీ సీ, చిన్న కొడుకు హూహాయ్ కలిసి ఆ సంగతి దాచారు. శవాన్ని మూసిన బండిలోనే ఉంచి, భోజనం వేళకి భోజనం పంపుతూ, రాజు బతికే ఉన్నట్టు రాజధాని దాకా నడిపించారు. లేడికి చాలా ముందే ఈ ముఠా రిహార్సల్ చేసుకుందన్నమాట. శవాన్ని రాజని నమ్మిన సభకి గుర్రానికి కొమ్ములుంటే ఏం వింత? తర్కం గట్టిగా ఉంది. కానీ గోదారి గాలి గారూ, చేపలేవండీ?

గోదారి గాలి:
ప్రాసకి దొరకలేదండి.

సంచాలకుడు:
ఎండాకాలం. శవం వాసన బయటపడకుండా వెనక బండ్లలో ఉప్పుచేపలు వేయించారు, ఏ కంపు ఎక్కడిదో తెలియకుండా. గోదావరి మనిషి ఉప్పుచేపల్ని వదిలేయడం మాత్రం క్షమించరాని నేరం.

కొత్త కందం:
నమస్కారం. ఈ గుంపులో నా మొదటి పద్యం.

దుమ్మున గలిసిరి నిజమును
కమ్మగ లేడి యనువారు కత్తికి బలియై
కిమ్మనని కొలువు కూటమి!
కొమ్ములు మొలిచిన హయమ్ము కొలువున నిలిచెన్

అరసున్న:
గణాలు, యతి, ప్రాస అన్నీ కుదిరాయి, అభినందనలు. "కమ్మగ" మాత్రం ప్రాస కోసం తెచ్చిపెట్టుకున్న పదం. ప్రాణం పోయే చోట నిజం కమ్మగా ఎవరు చెప్తారమ్మా? పైగా "నిజమును" తర్వాత అది "గమ్మగ" అవ్వాలి.

సంచాలకుడు:
నేను ఇంకోటి కలుపుతాను. కత్తి అక్కర్లేదు ఇక్కడ. వాళ్లని సభలోనే నరికి ఉంటే అది మామూలు క్రూరత్వం. చట్టం పేరుతో, చప్పుడు లేకుండా, ఒక్కొక్కరినీ తీసుకుపోవడం వల్లే మిగతావాళ్లు రాయిలా బిగుసుకుపోయారు. మొదటి రెండు పాదాలు ఇలా మార్చి చూడండి:

దుమ్మున గలిసిరి చాటుగ
నమ్మకముగ లేడి యనిన నరు లొకరొకరే

మూడో పాదం జోలికి వెళ్లకండి. "కిమ్మనని కొలువు కూటమి" అన్నది ఇప్పటిదాకా వచ్చిన మూడో పాదాలన్నిటిలో మేలైంది. బాటసారి గారి పద్యంలో లోటని అరసున్న గారు చెప్పిన సంగతి ఇక్కడ తీరింది: లేడి అన్నవాళ్లు, నోరు మూసుకున్నవాళ్లు విడివిడిగా కనిపిస్తున్నారు.

కొత్త కందం:
ధన్యవాదాలండి. సవరణతో దాచుకుంటాను.

నీలాంబరి:
అందరూ మంత్రినీ సభనీ చూశారు, పాపం ఆ కుర్ర రాజుని ఎవరూ పట్టించుకోలేదు. ఇది హూహాయ్ మాట.

నమ్మను నా కన్నుల నే
నమ్మెద నా మంత్రి పలుకు, నా గ్రహమేమో!
రమ్మనుడు జోస్యు నిపుడే
కొమ్ములు మొలిచిన హయమ్ము కొలువున నిలిచెన్

పల్నాటి బాటసారి:
అమ్మా, దండం! నేను నా పద్యం వెనక్కి తీసుకోవచ్చా?

సంచాలకుడు:
తీసుకోనక్కర్లేదు గానీ, దండం నేను కూడా పెడుతున్నాను. నీలాంబరి గారు ఎక్కడ పట్టుకున్నారో చూడండి. సిమా చియాన్ ఈ కథని రెండు చోట్ల చెప్పాడు. ఒకచోట రాజు నవ్వుతాడు. లీ సీ జీవితం చెప్పేచోట మాత్రం రాజు బెదిరిపోయి, తన బుద్ధికే ఏదో పట్టిందనుకుని ఆస్థాన జోస్యుణ్ణి పిలుస్తాడు. పూజల్లో మడి తప్పారు, అందుకే ఇలా అయిందని వాడు చెప్తాడు. రాజు ఉపవాస దీక్ష అని షాంగ్‌లిన్ వనానికి వెళ్లి, అక్కడ దీక్ష మానేసి వేటాడుతూ కూర్చుంటాడు. దారిన పోతూ లోపలికి వచ్చిన ఒక మనిషిని బాణంతో కొట్టి చంపుతాడు కూడా. ఆ పాపానికి పరిహారమంటూ మంత్రి అతణ్ణి రాజధాని నుంచి ఇంకా దూరంగా, వాంగ్‌యి భవనానికి పంపేస్తాడు. ఆ భవనంలోనే మంత్రి అల్లుడు యాన్ లె సైనికులతో వచ్చి మీద పడితే హూహాయ్ ఆత్మహత్య చేసుకోవాల్సి వచ్చింది.

అంటే "రమ్మనుడు జోస్యు నిపుడే" అన్న పాదంలోనే అతని చావు మొదలైంది. "నా గ్రహమేమో" అని మనం ఇంట్లో అనుకునే మాటే వాడారు, అలంకారం లేదు. ఏడుపొస్తుంది, కాస్త నవ్వూ వస్తుంది.

అరసున్న:
విమర్శ చేస్తూ కూర్చుంటే పద్యం రాయడం రాదనుకుంటారు. నాది.

నమ్మిన బంటుగ రథముల
నెమ్మది నేలిన యతండు నేడిట దొరయై
యమ్ముద్రను దన చేగొని
కొమ్ములు మొలిచిన హయమ్ము కొలువున నిలిచెన్

ఫస్ట్‌షో బుల్లోడు:
లేడి ఏది సార్?

అరసున్న:
లేడి లేదు నాయనా. గుర్రమే. "నీకేమన్నా కొమ్ములు మొలిచాయా" అని మన ఇళ్లలో అంటాం చూడు, ఆ కొమ్ములు. జావో గావో మొదట రాజుగారి రథశాల అధికారి. బండ్లూ గుర్రాలూ చూసుకునే మనిషికే కొమ్ములు మొలిచాయి.

సంచాలకుడు:
నోట్లోనా, మౌనంలోనా, కళ్లలోనా అని అడిగాను. ఈయన అబద్ధమే లేకుండా చేసేశారు. సమస్య అక్షరాలా నిజమైపోయింది. ఈ వారం మొదటి స్థానం ఈ పూరణకే, నీలాంబరి గారిది దాని పక్కనే. మనసుకి మాత్రం ఆవిడదే దగ్గర.

ఒక్క సవరణ. రథశాలతో పాటు రాజముద్ర బాధ్యత కూడా జావో గావోదే, కాబట్టే మొదటి చక్రవర్తి పెద్ద కొడుకు ఫూసూ ఆత్మహత్య చేసుకోవాలంటూ దొంగ ఆజ్ఞ పుట్టించగలిగారు. ప్రధానమంత్రి అయ్యింది ఆ తర్వాత, క్రీ.పూ. 208లో లీ సీని నడుము దగ్గర నరికించాక. మీ పద్యంలో దొరతనం ముందు, ముద్ర వెనక వచ్చింది. రెండో పాదం ఇలా ఉంటే వరస కుదురుతుంది:

నెమ్మది నేలిన యతండు నృపతియె పోవన్

అప్పుడు మూడో పాదం "నమ్ముద్రను" అని మొదలవుతుంది. నె-నృ యతికీ ఇబ్బంది లేదు.

అరసున్న:
ఒప్పుకుంటున్నాను. "నృపతియె" బాగుంది.

గోదారి గాలి:
మరి ఆ ముద్ర చివరికి ఏమైంది?

సంచాలకుడు:
హూహాయ్ పోయాక జావో గావో ఆ ముద్రని నడుముకి కట్టుకుని సభకి వెళ్లాడట. ఒక్క అధికారి కూడా వెంట రాలేదు. ఆ రోజు గుర్రమన్నవాళ్లు కూడా. తప్పనిసరై రాజవంశీకుడు జియింగ్‌ని గద్దె ఎక్కించాడు, కొద్దిరోజుల్లోనే ఆ జియింగ్ ఇతణ్ణి చంపించాడు. గద్దె ఎక్కిన 46 రోజులకి జియింగ్ కూడా తిరుగుబాటు నాయకుడు లియు బాంగ్‌కి లొంగిపోయాడు, చిన్ వంశం కథ అక్కడితో సరి.

వచ్చే వారానికి ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను. ఈసారి చేపలు తప్పనిసరి.

చచ్చినట్టి రాజు సంతకమిడె