తెర పిన్నుల డ్రైవ్ స్ట్రెంత్: ఉమ్మడి ఫైల్లోనా, బోర్డు ఫైల్లోనా?

చెరువుగట్టు (భీమవరం):
రొయ్యల చెరువుల దగ్గర ఆక్సిజన్ చూపే పెట్టెలు కడుతున్నామండి. ఆల్‌విన్నర్ చిప్, 800×480 ఆర్‌జీబీ తెర. రిబ్బన్ కేబుల్ పొడుగ్గా ఉన్న మోడల్లో అంకెల అంచున నీలం చుక్కలు మిణుకుమనేవి. డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏముందో కెర్నల్‌కి చెప్పే ఫైల్) ఎల్‌సీడీ పిన్నుల డ్రైవ్-స్ట్రెంత్ 10 మిల్లీఆంపుల నుంచి 20కి పెంచితే పోయాయి. మా వాళ్లేమో ఉమ్మడి డీటీఎస్‌ఐలో (బోర్డు ఫైళ్లన్నీ కలుపుకునే డివైస్ ట్రీ ఫైల్) అన్ని మోడళ్లకీ ఒకేసారి 40 పెట్టేద్దాం అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు.

లంకబోర్డు (అమలాపురం):
పెట్టెయ్యండి. లంకలో తెర చెడితే రేవు దాటి వెళ్లి రావడానికే సగం రోజు పోతుంది. చుక్కల తెర చూసిన రైతు మళ్లీ మన పెట్టె కొనడు.

పంటకాలువ (తణుకు):
నేనొప్పుకోను. పోయినేడు నేనూ 40 పెట్టాను. తెర అద్దంలా వచ్చింది. కానీ తెర వెలిగినప్పుడల్లా ఆక్సిజన్ రీడింగ్ 3.4 నుంచి 4.3కి ఎగిరేది. సెన్సర్ వైరు రిబ్బన్ పక్కనుంచే పోతోంది. తెల్లవారుజామున మూడింటికి, ఆక్సిజన్ పడిపోయే వేళ, తెర మీద 4.3 కనిపిస్తే ఏరేటర్ ఎవరు వేస్తారండీ?

ఆ మిల్లీఆంపులు తెర వెలుగుకి కాదు, దానికి బ్యాక్‌లైట్ వేరే ఉంది. పిన్ను సిగ్నల్ని ఎంత బలంగా, ఎంత వేగంగా మార్చగలదో చెప్పే అంకె అది. 24 డేటా లైన్లు, క్లాక్, రెండు సింక్‌లు, డీఈ (డేటా ఎనేబుల్), మొత్తం 28. అవన్నీ అంత వేగంగా మారుతుంటే గ్రౌండ్ వోల్టేజే ఊగుతుంది. ఆసిలోస్కోప్ పెడితే క్లాక్ 3.3 వోల్టులు దాటి పైకి పొడుచుకొచ్చింది. 20కి దించి, క్లాక్ లైన్లో చిప్ దగ్గర 33 ఓమ్‌ల రెసిస్టర్ వేశాకే రీడింగ్ నిలబడింది.

ఏ పిన్నులు వాడాలన్నది చిప్ సంగతి, అది ఉమ్మడిలో ఉండొచ్చు. కేబుల్ పొడవు బోర్డు సంగతి.

లంకబోర్డు:
రీడింగ్ మాట నిజమే, నేనటు ఆలోచించలేదు. అయినా మీడియాటెక్ చిప్పుల్లో డీఎస్‌ఐ ఫై (తెరకి సిగ్నల్ పంపే భాగం) డ్రైవ్-స్ట్రెంత్ చూడండి. 2000 నుంచి 6000 మైక్రోఆంపుల దాకా ఇవ్వొచ్చు, ఇవ్వకపోతే 4600. మనమూ ఉమ్మడిలో 20 ఉంచి, కావలసిన బోర్డులో మార్చుకుంటే?

పంటకాలువ:
20 అక్కడ కనిపిస్తే కొత్త బోర్డు తెచ్చినవాళ్లు కొలవరండి. నేనూ కొలవలేదుగా.

చెరువుగట్టు:
రేపు స్కోప్ అరువు తెస్తున్నా. తెర ఆర్పి, వెలిగించి, మూడు మోడళ్లలోనూ రీడింగ్ రాసుకుంటా. అప్పటిదాకా పొడుగు కేబుల్ బోర్డు ఫైల్లో మాత్రమే 20.