ఆఫీసు సాఫ్ట్‌వేర్ సబ్‌స్క్రిప్షన్లు తెలియకుండా రెన్యూ అవుతున్నాయి, ఎలా పట్టుకోవాలి?

కృష్ణలంక_అకౌంట్స్

నమస్తే అండీ. విజయవాడలో మా అన్నయ్యది చిన్న ఆర్కిటెక్చర్ ఆఫీసు, ఏడుగురు పనిచేస్తారు. ఈ ఏప్రిల్ నుంచి లెక్కలు నా చేతికి వచ్చాయి. స్టేట్‌మెంట్లు ముందేసుకుని చూస్తుంటే సాఫ్ట్‌వేర్ల కింద పోతున్న డబ్బుకి దారీ తెన్నూ లేదు. డ్రాయింగుల సాఫ్ట్‌వేర్ తప్పదు, అది ఏటా కడతాం, దానితో గొడవ లేదు. కానీ క్లౌడ్ స్టోరేజీ రెండు చోట్ల ఉంది, మీటింగుల యాప్ ఒకటి ఎవరూ వాడట్లేదు, పీడీఎఫ్ టూల్ ఒకటి నెలనెలా కట్ అవుతోంది, అదెవరు తీసుకున్నారో ఆఫీసులో ఎవరికీ తెలియదు. పోయిన నెల ఒక వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఏడాది ప్లాన్ మళ్లీ రెన్యూ అయి 11 వేల పైచిలుకు పోయింది. దాన్ని వాడిన అబ్బాయి ఉద్యోగం మానేసి హైదరాబాద్ వెళ్లిపోయాడు, అకౌంట్ అతని సొంత జీమెయిల్ మీద ఉంది, రెన్యువల్ మెయిల్ కూడా అక్కడికే పోయింది. కంపెనీకి రాస్తే రీఫండ్ గడువు దాటిపోయిందన్నారు. ఏడుగురికి జీతాలు ఇవ్వాల్సిన చోట 11 వేలు ఊరికే పోవడం చిన్న విషయం కాదు కదా.

అన్నయ్య కార్డులు రెండు, వదిన క్రెడిట్ కార్డు ఒకటి, ఫోన్‌పేలో కొన్ని, ఐఫోన్‌లో కొన్ని, ఇలా చెల్లాచెదురుగా ఉన్నాయి. అంత డబ్బు ఓటీపీ అడక్కుండా ఎలా కట్ అవుతుంది? అన్నీ ఒకచోట చూసుకునే దారి ఉందా? అన్నయ్యేమో కార్డు బ్లాక్ చేయించి కొత్తది తీసుకుంటే పీడ పోతుంది అంటున్నాడు, అది సరైన పనేనా?

మాజీ_కార్డు_విభాగం

అమ్మా, బ్యాంకులో కార్డుల విభాగంలో చాలా ఏళ్లు పనిచేశాను కాబట్టి ఓటీపీ సంగతి నేను చెబుతాను. ఆటోమేటిక్‌గా కట్ అయ్యే చెల్లింపులకు రిజర్వ్ బ్యాంకు 2019 ఆగస్టులో నిబంధనలు పెట్టింది, గడువులు పొడిగిస్తూ వచ్చి చివరికి 2021 అక్టోబర్ 1 నుంచి గట్టిగా అమలు చేసింది. ఇలా ప్రతిసారీ కట్ చేసుకోమని ముందే ఇచ్చే అనుమతినే ఈ-మాండేట్ అంటారు. మొదటిసారి మాండేట్ పెట్టేటప్పుడు ఓటీపీ తప్పనిసరి. ఆ తర్వాత ప్రతి రెన్యువల్‌కీ, మొత్తం 15,000 రూపాయల లోపు ఉంటే, ఓటీపీ అక్కర్లేదు. ఈ పరిమితి మొదట 2,000, తర్వాత 5,000, 2022 జూన్ నుంచి 15,000. మీది 11 వేలు కాబట్టి అడగలేదు. మీ డ్రాయింగుల సాఫ్ట్‌వేర్ బిల్లు 15 వేలు దాటేదైతే దానికి ప్రతిసారీ ఓటీపీ అడుగుతుంది చూడండి.

అయితే అసలు ముఖ్యమైంది వేరే ఉంది. డబ్బు కట్ అవ్వడానికి కనీసం 24 గంటల ముందు కార్డు ఇచ్చిన బ్యాంకు మీకు మెసేజ్ గానీ మెయిల్ గానీ పంపి తీరాలి. అందులో కంపెనీ పేరు, ఎంత, ఎప్పుడు, ఎందుకు అనేవి ఉండాలి, వద్దనుకుంటే ఆపుకునే వీలు కూడా ఉండాలి. ఇది ఆ అబ్బాయి జీమెయిల్‌కి పోయేది కాదు, కార్డు ఎవరిదో వాళ్ల ఫోన్‌కి వస్తుంది. అంటే మీ అన్నయ్య ఫోన్లో వచ్చి ఉండాలి. ఒకసారి వెతికించండి. నిజంగా రాకపోతే బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి, 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు.

అన్నీ ఒకచోట అంటే, కార్డుకొక చోట అని అర్థం చేసుకోండి. బ్యాంకు యాప్‌లోనో నెట్ బ్యాంకింగ్‌లోనో ఈ-మాండేట్లు లేదా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్స్ అని ఉంటుంది. చాలా బ్యాంకులకు బిల్‌డెస్క్ అనే చెల్లింపుల కంపెనీ వాళ్ల ఎస్ఐ హబ్ వెబ్ పేజీలో కూడా ఆ కార్డు మీదున్న మాండేట్లన్నీ కనిపిస్తాయి, అక్కడే రద్దు చేయొచ్చు. యూపీఐవి అయితే ఫోన్‌పే, గూగుల్ పే రెండింట్లోనూ ప్రొఫైల్‌లోకి వెళితే ఆటోపే అని ఉంటుంది. ఐఫోన్‌లో సెట్టింగ్స్ తెరిచి పైన పేరు మీద నొక్కితే సబ్‌స్క్రిప్షన్స్ ఉంటాయి, ఆండ్రాయిడ్ అయితే ప్లే స్టోర్‌లో ఫొటో మీద నొక్కి పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్. యాప్ ఫోన్లోంచి తీసేసినంత మాత్రాన సబ్‌స్క్రిప్షన్ ఆగదు, ఇది మాత్రం ఆఫీసులో అందరికీ చెప్పండి.

కార్డు బ్లాక్ మాత్రం వద్దు. దాని మీదున్న కరెంటు బిల్లూ ఇంటర్నెట్టూ కూడా ఆగిపోతాయి, పైగా కంపెనీ లెక్కలో మీ సబ్‌స్క్రిప్షన్ బతికే ఉంటుంది.

డాలస్_నుంచి

బ్లాక్ చేయడం గురించి ఒక మాట. ఇక్కడ అమెరికాలో అది అసలు పనిచేయదు. కార్డు మారినా వీసా, మాస్టర్‌కార్డ్ వాళ్ల అప్‌డేటర్ సర్వీసు ద్వారా కొత్త నంబర్ కంపెనీలకు చేరిపోతుంది, పాత సబ్‌స్క్రిప్షన్ కొత్త కార్డు మీద హాయిగా నడుస్తుంది. మీకున్న 24 గంటల ముందు మెసేజ్ లాంటిది ఇక్కడి బ్యాంకులు పంపవు. చేరినంత సులువుగా వదిలించుకునే వీలు ఉండాలని ఇక్కడి వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ 2024 అక్టోబర్‌లో ఒక రూల్ తెచ్చింది, 2025 జూలైలో అప్పీల్స్ కోర్టు దాన్ని కొట్టేసింది. అందుకే మేం ఒక్కో సబ్‌స్క్రిప్షన్‌కి ఒక్కో వర్చువల్ కార్డు (ఆన్‌లైన్‌లో వాడే విడి కార్డు నంబర్) పెట్టి దానికి లిమిట్ పెట్టుకుంటాం. అక్కడి రూల్ ఎంత మంచిదో ఇక్కడికొచ్చాక తెలిసింది, ఆ మెసేజ్‌ని దయచేసి తేలిగ్గా తీసుకోకండి.

వైజాగ్_ఎడిటర్

నేను ఫ్రీలాన్స్ చేస్తాను, సాఫ్ట్‌వేర్లే నాకు పెట్టుబడి, కాబట్టి ఈ లెక్క ఖచ్చితంగా రాసుకుంటాను. ముందు 12 కాదు 13 నెలల స్టేట్‌మెంట్లు తీయండి అక్కా, ఏడాది ప్లాన్ ఒకే ఒక్కసారి కనిపిస్తుంది కాబట్టి అంచులో ఉన్నది తప్పిపోకుండా ఉంటుంది. తర్వాత అందరి మెయిళ్లలో రిసీట్, ఇన్‌వాయిస్, రెన్యువల్, ట్రయల్ అని వెతికించండి. రెండూ కలిపితే దాదాపు అన్నీ బయటపడతాయి.

ఒక షీట్‌లో రాయండి. పేరు, ఎవరు వాడుతున్నారు, ఏ మెయిల్ మీద ఉంది, ఏ కార్డు, వచ్చేసారి ఎంత పడుతుంది. ఈ చివరిది చాలామంది రాయరు. మొదటి ఏడాది ఆఫర్ ధర వేరు, రెన్యువల్ ధర వేరు, వెబ్‌సైట్ హోస్టింగుల్లో అయితే రెండు మూడు రెట్లు కూడా ఉంటుంది. అకౌంట్ లోపల బిల్లింగ్ పేజీలో తర్వాతి బిల్లు ఎంతో రాసి ఉంటుంది, అది చూసి రాయాలి.

క్యాలెండర్‌లో రెన్యువల్ తేదీ పెట్టుకుని లాభం లేదు. నిర్ణయం తీసుకునే తేదీ పెట్టాలి. ఏడాది ప్లాన్ అయితే 20 రోజుల ముందు, నెల ప్లాన్ అయితే 3 రోజుల ముందు. ఎందుకంటే వాడేవాళ్లని అడగాలి, అందులో ఉన్న ఫైళ్లు దించుకోవాలి, ఇవన్నీ 24 గంటల్లో అయ్యే పనులు కావు. యాపిల్ అయితే కనీసం ఒక రోజు ముందు రద్దు చేయమని వాళ్లే చెబుతారు. రిమైండర్ మీకొక్కరికే కాకుండా అన్నయ్యకి కూడా వెళ్లేలా పెట్టండి.

ఉచిత ట్రయల్స్ సంగతి. కార్డు ఇచ్చిన రోజే వెళ్లి రద్దు చేసేయండి, చాలావాటికి ఆ ట్రయల్ చివరి రోజు దాకా వాడుకోనిస్తారు. అన్నింటికీ కాదు, యాపిల్ సొంత సర్వీసుల్లాంటివి కొన్ని రద్దు చేసిన క్షణమే ఆగిపోతాయి, రద్దు బటన్ దగ్గర ఏ తేదీ వరకు అని రాసి ఉంటుంది, అది చదివి నొక్కండి. రద్దు అయ్యాక వచ్చే మెయిల్ దాచుకోండి, రేపు పేచీ వస్తే అదే సాక్ష్యం.

మియాపూర్_ఐటీ_సపోర్ట్

అందరూ ఆపడం గురించే చెబుతున్నారు, ఆపకూడనివి కూడా ఉంటాయి మేడమ్. నేను చిన్న ఆఫీసులకు సిస్టమ్స్ చూస్తాను. మీ వెబ్‌సైట్ డొమైన్, అంటే సైట్ అడ్రస్ పేరు, ఎవరి పేరు మీద ఉందో ఈరోజే చూడండి. డాట్ కామ్ పేరు గడువు దాటితే దాన్ని అమ్మిన రిజిస్ట్రార్ కంపెనీ ఇచ్చే కొద్దిరోజుల వెసులుబాటు తర్వాత 30 రోజుల రిడెంప్షన్ కాలం ఉంటుంది, అప్పుడు వెనక్కి తీసుకోవాలంటే అదనంగా గట్టిగానే వసూలు చేస్తారు, అదీ దాటితే ఎవరైనా కొనుక్కోవచ్చు. ఆఫీసు మెయిల్ ఆ డొమైన్ మీదే నడుస్తుంటే క్లయింట్ల మెయిళ్లు, ప్లాన్ అప్రూవల్స్‌కి ఇచ్చిన ఐడీ, అన్నీ ఒకేసారి ఆగిపోతాయి. కాబట్టి డొమైన్, మెయిల్, బ్యాకప్ ఈ మూడింటికీ ఆటో రెన్యువల్ ఉంచండి, కార్డు మారినప్పుడు ముందు వీటినే మార్చండి. మిగతావాటికి మాత్రం ఆటో రెన్యువల్ తీసేసి, కావాలనుకున్నప్పుడు చేత్తో కట్టడమే మేలని నా అభిప్రాయం.

రెండోది, మనుషులు మారతారు, ఆఫీసు ఉంటుంది. బిల్లింగ్ కోసం ఆఫీసు డొమైన్ మీద ఒక ఐడీ పెట్టి, కొనేదేదైనా ఆ ఐడీ మీదే కొనాలని నియమం పెట్టండి. ఎవరైనా మానేస్తుంటే ల్యాప్‌టాప్ తీసుకున్నట్టే అకౌంట్లు కూడా అప్పగించుకోవాలి. ఇంకో సంగతి, టీమ్ ప్లాన్లలో మనిషిని తీసేసినా చాలాసార్లు అతని సీటు, అంటే ఒక మనిషికి కొన్న లైసెన్సు, అలాగే ఉండి బిల్లు అంతే వస్తుంది, సీట్ల సంఖ్య విడిగా తగ్గించాలి. మైక్రోసాఫ్ట్ 365 బిజినెస్ ఏడాది ప్లాన్ అయితే రెన్యువల్ అయిన 7 రోజుల్లోపే రద్దు చేయడానికి వీలు, ఆ తర్వాత ఏడాదంతా బిల్లు మీదే.

జీఎస్టీ నంబర్ కూడా ప్రతి అకౌంట్‌లో ఎక్కించండి. సాఫ్ట్‌వేర్ మీద 18 శాతం పడుతుంది, ఉద్యోగి సొంత పేరు మీద బిల్లు వస్తే ఆ పన్నును మీరు కట్టే జీఎస్టీలో తగ్గించుకునే ఇన్‌పుట్ క్రెడిట్ మీకు రాదు.

కృష్ణలంక_అకౌంట్స్

అందరికీ చాలా థాంక్స్ అండీ. బ్యాంకు మెసేజ్ నిజంగానే వచ్చింది, లోన్ ఆఫర్ల మెసేజ్‌ల మధ్య ఉంది, అన్నయ్య చూడలేదు. ఆ కార్డు మాండేట్లు తీస్తే తొమ్మిది కనిపించాయి, పీడీఎఫ్ టూల్ కూడా అక్కడే దొరికింది. డొమైన్ మాత్రం సైట్ చేసిచ్చిన అతని పేరు మీద ఉంది, ఇప్పుడు మార్పించే పనిలో ఉన్నాం.

ఇంకొక్క డౌట్. ఒక డిజైన్ సాఫ్ట్‌వేర్ నెలనెలా కట్ అవుతోంది, కానీ అకౌంట్‌లో చూస్తే యాన్యువల్, బిల్డ్ మంత్లీ అని ఉంది. బ్యాంకులో మాండేట్ రద్దు చేస్తే చాలా? అలాగే ఆ 11 వేలకి 1915కి ఫోన్ చేయొచ్చా?

వైజాగ్_ఎడిటర్

అక్కా, ఆగండి, అది నెల ప్లాన్ కాదు. ఏడాదికి ఒప్పుకుని వాయిదాల్లో కడుతున్నారని అర్థం. మధ్యలో వదిలేస్తే కొన్ని కంపెనీలు మిగిలిన నెలల్లో సగం రుసుముగా అడుగుతాయి. ఈ రుసుము సంగతి సరిగ్గా చెప్పకుండా దాచారనే అమెరికాలో ఎఫ్‌టీసీ పంపిన ఫిర్యాదుతో ప్రభుత్వం 2024 జూన్‌లో అడోబీ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ కంపెనీ మీద కేసు వేసింది. మీ ఒప్పందం ఎప్పుడు మొదలైందో చూడండి. కట్టాల్సిన నెలలేవీ మిగలని చివరి నెలలో, మళ్లీ రెన్యూ అయ్యే ముందే రద్దు పెట్టుకుంటే ఆ రుసుము పడదు. ఒకటి రెండు నెలలే ఉంటే కట్టేసి దిగిపోవడం నయం.

మాజీ_కార్డు_విభాగం

బ్యాంకులో మాండేట్ తీసేస్తే డబ్బు వెళ్లడం ఆగుతుంది గానీ ఒప్పందం ఆగదమ్మా, బాకీ ఉందని వాళ్లు అడగొచ్చు. ఎప్పుడైనా ముందు కంపెనీ దగ్గర రద్దు, ఆ మెయిల్ వచ్చాక బ్యాంకులో మాండేట్ రద్దు, ఈ వరుసలో చేయండి.

1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, ఫోన్ చేయొచ్చు, తెలుగులో కూడా మాట్లాడతారు. సులువుగా చేర్చుకుని బయటికి వెళ్లనివ్వకుండా తిప్పించడాన్ని సబ్‌స్క్రిప్షన్ ట్రాప్ అని 2023 నవంబర్‌లో వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (యాప్‌లు, సైట్లలో కొనేవాళ్లని తప్పుదోవ పట్టించే ఎత్తులు) మార్గదర్శకాల్లో పేరు పెట్టి నిషేధించారు. అయితే ఆఫీసు వ్యాపారం కోసం కొన్నది కాబట్టి మీరు వినియోగదారు కిందికి వస్తారా అన్న పేచీ ఎదుటివాళ్లు పెడతారు, పైగా ముందస్తు మెసేజ్ కూడా వచ్చింది. నా మాట వింటే దానికంటే ముందు ఆ కంపెనీకి ఇంకోసారి రాయండి, రెన్యూ అయ్యాక ఒక్కసారి కూడా లాగిన్ అవ్వలేదని అకౌంట్ వివరాలతో చూపించండి. అలా చూపిస్తే గడువు దాటినా కొంత వెనక్కి ఇచ్చేవాళ్లు ఉన్నారు. ఆ అబ్బాయితో మాట్లాడి లాగిన్ తెప్పించుకోండి, అది లేకుండా వచ్చే ఏడాది రెన్యువల్ ఆపడం కూడా కష్టమే.