మ్యాప్‌లో రంగు వేసిన దేశాలన్నిటిలో ఫ్రెంచ్ నిజంగా నడుస్తుందా?

కోరంగి_కుర్రాడు:
ఫ్రెంచ్ బీ1 (ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లలో మూడోది) అయింది. 32 కోట్ల మంది మాట్లాడతారని ఎక్కడ చూసినా అదే మాట. మ్యాప్‌లో సగం ఆఫ్రికా, కెనడా, ఆఖరికి వియత్నాం కూడా రంగులో ఉన్నాయి. ఉద్యోగానికో, కనీసం బజార్లో పని జరగడానికో ఇది అసలు ఎక్కడెక్కడ అక్కరకొస్తుంది?

పటాల_పిచ్చి:
మీరు చూసింది ఫ్రాంకొఫొనీ సంస్థ (ఫ్రెంచ్‌తో సంబంధమున్న దేశాల కూటమి) సభ్యదేశాల మ్యాప్ అయి ఉంటుంది. ఆ సంస్థ 1970లో నైజర్ రాజధాని నియామేలో మొదలైంది. సభ్యత్వం వేరు, జనం నోట్లో భాష వేరు. వియత్నాం, రొమేనియా, ఆర్మేనియా సభ్యులే. ఫ్రెంచ్ నమ్ముకుని వీధిలోకెళ్తే టీ కూడా పుట్టదు. అల్జీరియా సభ్యదేశమే కాదు, అధికార భాషలు అరబిక్, తమజిగ్త్. అయినా ఆస్పత్రుల్లో, కంపెనీ ఆఫీసుల్లో ఫ్రెంచ్ బాగా వినపడుతుంది.

కాబట్టి ఏ దేశమైనా రెండే చూడండి: బళ్లో పాఠం దేంట్లో, బజార్లో బేరం దేంట్లో. కాంగో (డీఆర్‌సీ) రాజధాని కిన్‌షాసాలో పాఠం ఫ్రెంచ్, బేరం స్థానిక భాష లింగాలా. సెనెగల్ రాజధాని డకార్‌లో బేరం వొలోఫ్. అబిజాన్ (ఐవరీ కోస్ట్), లిబ్రవీల్ (గాబోన్) మాత్రం వేరే లెక్క. రకరకాల తెగలవాళ్లు చేరిన ఊళ్లు కాబట్టి బజారు భాష కూడా ఫ్రెంచే అయిపోయింది. బీ1తో హాయిగా నెట్టుకురావచ్చు.

పాత జాబితాలు నమ్మకండి. మాలి 2023 రాజ్యాంగంలో ఫ్రెంచ్‌కి అధికార హోదా తీసేసి పని భాషగా ఉంచింది. బుర్కినా ఫాసో, నైజర్ కూడా అదే దారి పట్టాయి. రువాండా 2008లోనే బడి చదువును ఇంగ్లీషుకి మార్చింది.

లెక్కల_పంతులు:
యూరప్ సంగతి కూడా చెప్పుకోవాలి. బెల్జియంలో దక్షిణాన వల్లోనియా, బ్రసెల్స్ వరకే ఫ్రెంచ్. ఆంట్వెర్ప్, గెంట్‌లలో డచ్. అక్కడ ఫ్రెంచ్‌లో మొదలెట్టే కంటే ఇంగ్లీషే నయం, కొందరికి నచ్చదు కూడా. స్విస్‌లో జెనీవా, వో, న్యూషాతెల్, జురా కాంటన్లు (రాష్ట్రాల్లాంటివి) పూర్తిగా ఫ్రెంచ్. ఫ్రిబూర్, వాలే, బెర్న్ రెండు భాషలవి (ఫ్రెంచ్, జర్మన్).

అసలు తిప్పలు అంకెలతో. ఫ్రాన్స్‌లో ఫోన్ నంబరు రెండేసి అంకెల జతలుగా చెప్తారు. 78ని ‘సువసాంత్-దిజ్-ఉయిత్’ అంటారు, అంటే అరవై-పద్దెనిమిది. సువసాంత్ వినగానే 6 రాసేస్తే మళ్లీ కొట్టేయాల్సిందే. జత పూర్తయ్యేదాకా కలం కదపకండి. బెల్జియం, కాంగో, స్విస్‌లలో 70 సెప్టాంత్, 90 నొనాంత్, ప్రాణం సుఖం. 80కి వో వైపు ఉయితాంత్ అంటారు గానీ, బెల్జియంలోనూ జెనీవాలోనూ ఫ్రాన్స్ పద్ధతే, ‘కాత్ర్-వాన్’, అంటే నాలుగు ఇరవైలు.

మేపుల్_మామయ్య:
ఉద్యోగం కోసమైతే కెనడా చూడండి. కెబెక్‌లో 1977 చట్టం నుంచీ ఆఫీసు పని, బోర్డులు ప్రధానంగా ఫ్రెంచ్‌లోనే. న్యూ బ్రన్స్‌విక్ అధికారికంగా ద్విభాషా ప్రావిన్స్.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు: ఎక్స్‌ప్రెస్ ఎంట్రీకి (కెనడాలో స్థిరపడేందుకు దరఖాస్తు పద్ధతి) డెల్ఫ్ అనే మామూలు ఫ్రెంచ్ పరీక్ష సర్టిఫికెట్ చెల్లదు. టెఫ్ కెనడా గానీ టీసీఎఫ్ కెనడా గానీ అనే పరీక్ష రాయాలి, స్కోరు రెండేళ్లే చెల్లుతుంది. అందులో ఫ్రెంచ్ వచ్చినవాళ్ల కేటగిరీకి చదవడం, రాయడం, వినడం, మాట్లాడటం నాలుగింటా ఎన్సీఎల్సీ (కెనడా వాళ్ల ఫ్రెంచ్ స్థాయి కొలమానం) 7 రావాలి, అంటే దాదాపు బీ2. మూడింట 9 వచ్చి వినడంలో 6 వస్తే ఆ కేటగిరీ పోయినట్టే. అందుకని బీ1 దగ్గరే ఆ పరీక్షకి డబ్బు కట్టేయకండి.

ఇంకోటి, కెబెక్‌లో ‘దినే’కి రమ్మంటే మధ్యాహ్నం భోజనం. పారిస్ అలవాటుతో రాత్రి వెళ్తే తలుపు తీసేవాళ్లుండరు.

కోరంగి_కుర్రాడు:
ధన్యవాదాలండీ. మారిషస్‌లో మనవాళ్లున్నారు కదా, అక్కడ? యానాంలో సంగతేంటి?

పటాల_పిచ్చి:
మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవు, బళ్లలో తెలుగు ఐచ్ఛిక భాష. కానీ ఇంట్లో క్రియోల్, పేపర్లు ఎక్కువగా ఫ్రెంచ్, పార్లమెంటు, చట్టం ఇంగ్లీషు. ఫ్రెంచ్‌లో అడిగితే ఫ్రెంచ్‌లోనే జవాబిస్తారు. వాళ్లలో వాళ్లు క్రియోల్ మొదలెట్టాక మాత్రం బీ1 కాదు, సీ1 ఉన్నా మొదట్లో అందదు.

యానాంలో ఫ్రెంచ్ పాలన 1954లో పోయింది. విలీన ఒప్పందంలో ప్రజాప్రతినిధులు వద్దనేదాకా ఫ్రెంచ్ అధికార భాషగా ఉంటుందని రాసుకున్నారు, అదంతా కాగితం మీద. ఊళ్లో తెలుగే. మాట్లాడి అలవాటు చేసుకోవడానికైతే పుదుచ్చేరి వెళ్లండి, అక్కడ ఫ్రెంచ్ బడి ఇంకా నడుస్తోంది.