కొండల నీలి వాండా కొనొచ్చా? నిషేధం ఎత్తేశారంటున్నాడు

మేడమీద తోట:
మొక్కల గ్రూపులో ఒకాయన మేఘాలయ నుంచి నీలి వాండా ఆర్కిడ్ కొరియర్ చేస్తానంటున్నాడు. ఫోటోలో వేళ్ళకి చెట్టు బెరడు ఇంకా అంటుకునే ఉంది. ఇది నిషేధం కదండీ అంటే, 2004లోనే సైట్స్ (అరుదైన జీవుల, మొక్కల వ్యాపారంపై దేశాల మధ్య ఒప్పందం) మొదటి జాబితాలోంచి తీసేశారు, ఇప్పుడేం భయం లేదంటాడు. నిజమేనా? మాది విజయవాడ, అసలు బతుకుతుందా?

అడవిబాట:
సగం నిజం చెప్పి సరుకు అమ్ముకుంటున్నాడు. 2004లో మొదటి జాబితా నుంచి రెండో జాబితాకి మార్చిన మాట వాస్తవమే, కానీ సైట్స్ చూసేది దేశాల మధ్య వ్యాపారాన్ని, దానికి ఇప్పటికీ పర్మిట్ కావాలి. మన అడవుల్లో పీకడానికి వర్తించేది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం. దాని ఆరో షెడ్యూల్లో, అంటే రక్షిత మొక్కల జాబితాలో, నీలి వాండా, ఎర్ర వాండా, మన శేషాచలం కొండల సైకస్ బెడ్డోమీ అనే మొక్క, అన్నీ కలిసే ఉండేవి. 2022 సవరణతో మొక్కల జాబితా మూడో షెడ్యూల్ అయింది, అంతే. పీకడమే కాదు, లైసెన్సు లేనివాడి దగ్గర కొన్నా నేరమే. బెరడుతో ఉందంటే చెట్టు మీంచి ఊడబెరికిందేగా!

రవ్వంత ఎండ:
ఒక్క మొక్క కొంటే అడవి ఖాళీ అయిపోతుందా బాబూ, మరీ చెప్తారు.

తేనెపట్టు:
ఒక్కటి దగ్గర ఎవరాగారు? 1850లో జోసెఫ్ హుకర్ అనే బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్త మేఘాలయ ఖాసీ కొండల్లో, లండన్‌లోని క్యూ వృక్షశాస్త్ర తోట కోసం ఏడుగురు మోసేంత నీలి వాండా తీయించాడు, ఇంగ్లండ్‌కి ప్రాణంతో చేరినవి కొన్నే. ఇంకొకాయన పంపిన ఒక్క మనిషి మోత 300 పౌండ్లు పలికిందని హుకరే రాశాడు. ఆ రేటు విన్నాక కొండని ఎవడు వదుల్తాడు? మళ్ళీ పెరుగుతాయిలే అనుకోడానికీ లేదు, దీని విత్తనం దుమ్ములా ఉంటుంది, లోపల నిల్వ ఆహారం ఉండదు, సరైన శిలీంధ్రం తోడైతేనే మొలకెత్తుతుంది. పూతకి ఏళ్ళు పడుతుంది. ఈలోగా అది పట్టుకుని పెరిగే చెట్లే పోడుకి పోతున్నాయి.

కుండీల కామేశ్వరి:
చట్టం సంగతి అటుంచి, వెయ్యి మీటర్లకి అటూ ఇటూ ఎత్తులో చల్లగా పెరిగిన మొక్కని విజయవాడ మే నెలలో పెడితే ఉడికిపోతుందమ్మా. నర్సరీల్లో నీలి వాండా అని అమ్మేవి ఎక్కువగా హైబ్రిడ్లే, ఫిలిప్పీన్స్ వాండాతో కలిపి చేసిన 1931 నాటి రోత్‌షిల్డియానా లాంటివి. వేడికి కాస్త ఓర్చుకుంటాయి. బిల్లు ఇచ్చే నర్సరీలో తీసుకుని, మట్టి లేకుండా చెక్కబుట్టలో నీడపట్టున వేలాడదీసి, పొద్దున్నే వేళ్ళు ఆకుపచ్చగా అయ్యేదాకా తడపండి.